కోర్టు చుట్టూ కూడా ఆ వంద మీటర్ల గీత గీయండి

తెలంగాణలోని అన్ని రాజకీయ పార్టీల రాష్ట్ర అధ్యక్షులకు, లీగల్ సెల్ బాధ్యులకు,



మాది నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లి. పసుపు పండించుకుని బతికే కుటుంబం. ఊరు 44వ నంబరు జాతీయ రహదారి మీదే ఉంది కాబట్టి ఏ పార్టీ కాన్వాయ్ వెళ్ళినా మా కళ్ళ ముందు నుంచే వెళ్తుంది. మీ అందరి సభలకూ వచ్చాం, మీ మాటలు విన్నాం, ఒక్కోసారి ఒక్కొక్కరికి ఓటు వేశాం. మీలో ఏ ఒక్కరి మీదా కోపంతో ఈ ఉత్తరం రాయడం లేదు. ఒక విన్నపం చేసుకుందామని రాస్తున్నాను. మీ ప్రచారాన్ని దయచేసి కోర్టు గేటు బయటే ఆపండి.

ఎందుకు అడుగుతున్నానో తెలియాలంటే మా చెల్లె సంగతి చెప్పాలి. భర్త వదిలేస్తే ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని పుట్టింటికి వచ్చింది. మనోవర్తి కోసం కేసు వేశాం. అది ఏ కోర్టో, ఆ రోజు అక్కడికి వచ్చిన నాయకుడు ఎవరో, ఏ పార్టీయో చెప్పను. చెబితే ఈ ఉత్తరాన్ని కూడా ఎవరో ఒకరు తమ ప్రచారానికి వాడుకుంటారు.

పసుపు ఉడకబెట్టే రోజులవి. కల్లంలో పని కూలీలకు అప్పజెప్పి, చెల్లెను తీసుకుని పొద్దున ఏడు గంటల బస్సుకు బయల్దేరాను. పదిన్నర అయ్యేసరికి కోర్టు వరండాలో నిలబడ్డాం. కాసేపటికి బయట బండ్లు ఆగిన చప్పుడు. ఒక నాయకుడికి ఆ రోజే పేషీ ఉందట. ఆయన వెంట పెద్ద గుంపు దిగింది. అందరి మెడల్లోనూ కండువాలు, పైకెత్తిన చేతుల్లో ఫోన్లు. జిందాబాద్‌లు గేటు దగ్గర మొదలై మెట్లెక్కి వరండాలోకి వచ్చేశాయి. మమ్మల్ని గోడవారకు నెట్టారు. చెల్లె కేసు కాగితాలున్న ప్లాస్టిక్ సంచిని రెండు చేతులతో గుండెకు అదుముకుని నిలబడింది. హాలు తలుపు దగ్గర అటెండర్ నోరు కదలడం నాకు కనబడింది, మాట మాత్రం వినబడలేదు.

కేసు వంతు వస్తే పేరు మూడుసార్లు పిలుస్తారు. ఆ మూడు పిలుపులూ జిందాబాద్‌లలో కలిసిపోయాయి. మా వకీలు అప్పుడు ఇంకో హాల్లో ఉన్నారు. గుంపు పలచబడ్డాక లోపలికి వెళ్తే, పిలిచినప్పుడు ఎవరూ లేరని కేసు కొట్టేశారని బెంచి క్లర్కు చెప్పాడు. మళ్ళీ దరఖాస్తు పెట్టుకుని ఆ కేసును ఫైలు మీదికి తెచ్చుకునేసరికి నాలుగు నెలలు గడిచాయి. నాయకుడి కేసు ఆ రోజు వాయిదా పడింది. ఆయన మెట్ల మీద నిలబడి కెమెరాలతో చాలాసేపు మాట్లాడారు. ఆ మాటల్లో కేసు ఊసు తక్కువ, వచ్చే ఎన్నికల ఊసు ఎక్కువ.

పేరు పిలిచిన అటెండర్ తప్పేమీ లేదు. ముందున్న కాగితాన్ని బట్టి ఉత్తర్వు వేసిన జడ్జిగారి తప్పూ లేదు. ఆ వచ్చిన కార్యకర్తలు కూడా మా పక్క ఊళ్ళ పిల్లలే. నాయకుడి మీద అభిమానంతో వచ్చారు తప్ప ఎవరి కేసూ పాడుచేయాలని రాలేదు. మరి తప్పెక్కడుందంటే, కోర్టు కూడా ఒక సభాస్థలమే అని మీరంతా కలిసి వాళ్ళకు నేర్పారు. అక్కడ ఉంది.

పోలింగ్ రోజు మా ఊరి బడి ముందు సున్నంతో గీత గీస్తారు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 130వ సెక్షన్ ప్రకారం పోలింగ్ కేంద్రానికి వంద మీటర్ల లోపల ఎవరూ ఓటు అడగకూడదు, పార్టీ గుర్తు ప్రదర్శించకూడదు. ముందు రోజు దాకా గొంతులు చించుకుని అరిచినవాళ్ళు ఆ గీత దగ్గరకు రాగానే కండువా తీసి మడిచి జేబులో పెట్టుకుంటారు. ఎంత పెద్ద నాయకుడైనా లోపల వరుసలోనే నిలబడతాడు. ముసలమ్మ తన ఓటు తాను ఆలోచించి వేసుకోవడానికి ఆ కాస్త నిశ్శబ్దం కావాలని మనందరం ఒప్పుకున్నాం. కోర్టులో కూడా ఒక మనిషి కూర్చుని, రెండు వైపులా విని, మనసులో ఒక నిర్ణయానికి రావాలి. ఓటు తప్పితే అయిదేళ్ళకు మళ్ళీ సరిదిద్దుకోవచ్చు. తీర్పు తప్పితే ఒక కుటుంబం బతుకే తలకిందులవుతుంది. అలాంటి చోటికి ఆ గీత ఇంకా ఎక్కువ అవసరం కాదా?

ప్రచారం చేయవద్దని నేను అనడం లేదు. మా ప్రాంతంలో ప్రచారానికి విషయాలు కరువా? బోధన్ శక్కర్‌నగర్‌లో 1930ల చివర నిజాం కట్టించిన చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. తెరిపిస్తామన్న మాట ప్రతి ఎన్నికలోనూ వింటున్నాం. మా జక్రాన్‌పల్లికి విమానాశ్రయం వస్తుందన్న మాట కూడా అంతే. పసుపు బోర్డు కోసం ఏళ్ళ తరబడి కొట్లాడితే 2025 జనవరి 14న నిజామాబాద్‌లో అది మొదలైంది. దాని వల్ల క్వింటాలుకు ఎంత ధర పెరుగుతుందో మీరు ఏ కూడలిలో మైకు పట్టుకుని చెప్పినా మేం వచ్చి వింటాం.

మేమూ రాజకీయం చేసినవాళ్ళమే. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానం నుంచి పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర కోసం ఈ ప్రాంత రైతులు 178 మంది నామినేషన్లు వేసి నిలబడ్డారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. పేర్లన్నీ పట్టడానికి ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండు ఓటింగ్ యంత్రాలు వరసగా పెట్టాల్సి వచ్చింది. దేశమంతా మా వైపు చూసింది. ఆ పోరాటం ఎక్కడ జరగాలో అక్కడే, ఓట్ల పెట్టె దగ్గరే జరిగింది. రైతుకు తెలిసిన ఈ హద్దు నాయకులకు తెలియదని నేను అనుకోను.

ఇప్పుడు మీ గురించి కొంచెం సూటిగా మాట్లాడతాను. మూడు ప్రధాన పార్టీలకూ మన రాష్ట్రానికి సంబంధించిన కేసుల్లోనే కోర్టులు ఈ హద్దును గుర్తు చేశాయి.

2014 నుంచి 2019 దాకా కల్వకుంట్ల కవిత గారు మా ఎంపీ. ఢిల్లీ మద్యం విధానం కేసులో ఆమెను 2024 మార్చి 15న అరెస్టు చేశారు. ఆ కేసు మంచిచెడ్డల జోలికి నేను పోవడం లేదు. ఏప్రిల్‌లో రౌజ్ అవెన్యూ కోర్టుకు తెచ్చినప్పుడు ఆమె ఆవరణలోనే మీడియాతో మాట్లాడారు. ఇది సీబీఐ కస్టడీ కాదు, బీజేపీ కస్టడీ అన్నారు. కోర్టు ఆవరణలో అలా మాట్లాడడం మీద న్యాయమూర్తి అభ్యంతరం చెప్పారు. జైలుకు తీసుకుపోతున్న మనిషికి ఆక్రోశం ఉంటుంది, కాదనను. కానీ ఆ మాట చెప్పుకోవడానికి అప్పటి ఆమె పార్టీకి ఊరూరా వేదికలున్నాయి.

ఆగస్టు 27న సుప్రీంకోర్టు ఆమెకు బెయిలు ఇచ్చింది. వెంటనే ఆ బెయిలు పార్టీల మధ్య ఓట్ల ఒప్పందం ఫలితమన్న అర్థం వచ్చేలా ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు మాట్లాడారు. రెండు రోజులకే, ఆయన మీదున్న ఓటుకు నోటు కేసును మరో రాష్ట్రానికి మార్చాలన్న పిటిషన్, ఆ బెయిలు ఇచ్చిన ఇద్దరు న్యాయమూర్తులూ ఉన్న ధర్మాసనం ముందుకు వచ్చింది. జస్టిస్ బి.ఆర్. గవాయ్, జస్టిస్ కె.వి. విశ్వనాథన్ ఆ వ్యాఖ్యల మీద తీవ్ర అసంతృప్తి తెలిపారు. రాజకీయ పార్టీలను సంప్రదించి ఉత్తర్వులు ఇస్తామా అని బాధపడ్డారు. మర్నాడు ముఖ్యమంత్రి గారు న్యాయవ్యవస్థ మీద తనకు పూర్తి విశ్వాసం ఉందని చెబుతూ విచారం వ్యక్తం చేశారు. అది మంచి పనే, ఒప్పుకుంటాను. అయితే మొదటి మాట మా ఊరి హోటల్ దాకా ఒక్క పూటలో వచ్చింది. విచారం మాత్రం ఇంకా దారిలోనే ఉంది.

మూడోది బీజేపీ. 2024 మే 4న కొత్తగూడెంలో రేవంత్ రెడ్డి గారు చేసిన ఎన్నికల ప్రసంగం తమ పార్టీ పరువు తీసిందని ఆ పార్టీ రాష్ట్ర శాఖ కేసు వేసింది. హైకోర్టు 2025 ఆగస్టు 1న దాన్ని కొట్టేసింది. సుప్రీంకోర్టుకు పోతే, అప్పటికి ప్రధాన న్యాయమూర్తి అయిన గవాయ్ గారు సెప్టెంబరు 8న పిటిషన్‌ను తోసిపుచ్చుతూ కోర్టును రాజకీయ పోరాటాలకు వేదిక చేయవద్దని, రాజకీయాల్లో ఉన్నవాళ్ళు మాట పడడానికి సిద్ధంగా ఉండాలని హితవు చెప్పారు.

ఒకరు కోర్టు ఆవరణలో ప్రసంగించారు, ఒకరు కోర్టు ఉత్తర్వును ప్రసంగంలోకి లాగారు, ఒకరు ప్రసంగాన్నే కోర్టుకు మోసుకుపోయారు. మూడు దారులూ చేరేది ఒక్కచోటికే.

ఆ చోటు ఏమిటో మా ఊళ్ళో నేను చూశాను. బెయిలు వచ్చిన మర్నాడు హోటల్ దగ్గర పది మంది కూర్చుని మాట్లాడుకుంటున్నారు. న్యాయం గెలిచిందని కొందరు, ఒప్పందం కుదిరిందని కొందరు. ఉత్తర్వులో ఏముందని అడిగిన మనిషి ఒక్కడూ లేడు. అందులో ఏముందో తరువాత మా చెల్లె వకీలును అడిగితే చెప్పారు. దర్యాప్తు పూర్తయింది, చార్జిషీటు పడింది. సాక్షులు 493 మంది, పత్రాలు 50 వేల పేజీలు, కాబట్టి విచారణ ఇప్పట్లో ముగియదు. మహిళలకు బెయిలు విషయంలో చట్టం ప్రత్యేక వెసులుబాటు ఇచ్చింది, చదువుకున్న మహిళ అన్న కారణంతో దాన్ని నిరాకరించడం సరికాదు. ఇవీ ఆ ఉత్తర్వులోని కారణాలు. ఎవరైనా వాటితో విభేదించవచ్చు. కానీ విచారణ తేలకుండా ఏళ్ళ తరబడి జైల్లో మగ్గే నిరుపేదలు ఈ రాష్ట్రంలో ఎంతమందో ఉన్నారు. వాళ్ళ ఇళ్ళలోని ఆడవాళ్ళకు తెలియాల్సిన సంగతులవి. మీ రెండు నినాదాల మధ్య పడి ఆ కారణాలు ఎవరికీ అందలేదు.

జడ్జి మీ మాటకు జవాబు చెప్పలేరు. 1997 మే 7న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తమకు తాము ఒక నియమావళి పెట్టుకున్నారు. రాజకీయ విషయాల మీద బహిరంగ చర్చకు దిగకూడదని, తీర్పులే తమ తరఫున మాట్లాడాలని అందులో రాసుకున్నారు. నోరు కట్టేసుకున్న మనిషితో మైకు పట్టుకుని వాదించడం ఏ ఊరి పెద్దమనిషీ చేయడు.

పూర్వం ఈ హద్దును ఎలా కాపాడారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. 1975 మార్చిలో ప్రధాని ఇందిరాగాంధీ తన ఎన్నిక కేసులో సాక్ష్యం చెప్పడానికి అలహాబాద్ హైకోర్టుకు వచ్చారు. కోర్టులో లేచి నిలబడేది జడ్జి వచ్చినప్పుడు మాత్రమేనని, సాక్షి వచ్చినప్పుడు ఎవరూ లేవనక్కరలేదని జస్టిస్ జగ్‌మోహన్‌లాల్ సిన్హా ముందే చెప్పారు. జూన్ 12న ఆయన ఆ ఎన్నికను రద్దు చేశారు. దేశాన్నేలే మనిషి అయినా ఆ హాల్లో ఒక సాక్షి, అంతే. మా చెల్లె కూడా అంతే.

మన తెలుగువారిలో కోకా సుబ్బారావు గారిని చూడండి. రాజమండ్రిలో పుట్టి భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967 ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ తీర్పు ఇచ్చి, ఏప్రిల్ 11న రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో పోటీచేసి జాకిర్ హుస్సేన్ గారి చేతిలో ఓడిపోయారు. పదవి వదిలాకే రాజకీయంలోకి దిగారు. అయినా కుర్చీకీ పోటీకీ మధ్య అంత తక్కువ ఎడం ఉండవచ్చా అన్న ప్రశ్న ఆయన్ను వదలలేదు. అంత పెద్ద న్యాయమూర్తికే ఆ ప్రశ్న తప్పకపోతే, మెడలో కండువాతో కోర్టు మెట్లెక్కేవాళ్ళను అడగవద్దా?

స్వాతంత్ర్య పోరాటంలో కోర్టులను వేదికలు చేసుకోలేదా అని మీలో ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. 1922 మార్చి 18న అహ్మదాబాద్‌లో జడ్జి బ్రూమ్‌ఫీల్డ్ ముందు గాంధీజీ పెద్ద ప్రకటనే చదివారు. కానీ నేరం ఒప్పుకుని చదివారు, గరిష్ఠ శిక్ష వేయమని అడిగి చదివారు, ఆరేళ్ళ శిక్షను తలవంచి తీసుకున్నారు. అది పరాయి పాలకుల కోర్టు. మన టంగుటూరి ప్రకాశం గారు మద్రాసులో రాబడి దండిగా ఉన్న ప్రాక్టీసును 1921లో వదిలేసుకున్నారు. ముందు గౌను విప్పి పక్కన పెట్టారు, తరువాత జనంలోకి వెళ్ళారు. తెలంగాణ ఉద్యమంలో మన వకీళ్ళు రోడ్డెక్కినప్పుడు మేమూ వాళ్ళ వెంట నడిచాం. ఆ పోరాటం ఫలించి రాష్ట్రం వచ్చింది. 2019 జనవరి 1 నుంచి మన హైకోర్టు మనకు వచ్చింది. మన సొంతమైన ఇంటిని మనమే రచ్చబండ చేసుకుంటే ఇక చెప్పుకోవడానికి ఎవరున్నారు?

ఈ బెడద మనకొక్కరికే లేదు. 2024 జనవరిలో న్యూయార్క్‌లో డొనాల్డ్ ట్రంప్ తన సివిల్ కేసు ముగింపులో తానే మాట్లాడతానంటే, కేసు సంగతులకే కట్టుబడాలి, ఎన్నికల ప్రసంగం చేయకూడదు అని జడ్జి ఆర్థర్ ఎంగోరాన్ షరతు పెట్టారు. అదే ఏడాది క్రిమినల్ కేసు నడిచినన్నాళ్ళూ ఆయన కోర్టు హాలు బయట కెమెరాలతో మాట్లాడుతూనే ఉన్నారు. సాక్షుల గురించి, జ్యూరీ గురించి మాట్లాడవద్దన్న ఉత్తర్వును మీరినందుకు జడ్జి హువాన్ మెర్చన్ మొదట 9,000 డాలర్లు జరిమానా వేశారు. మన జిల్లా నుంచి అక్కడికి వెళ్ళి స్థిరపడ్డ పిల్లలు ఇదంతా చూశారు. అంత సంపన్న దేశంలోని కోర్టులకే ఇంత కష్టమైతే, ఒక్క అటెండర్ గొంతు మీద నడిచే మన చిన్న కోర్టుల గతేమిటి?

లీగల్ సెల్ బాధ్యులకు విడిగా ఒక మాట. మీ వృత్తి నియమాల్లోనే ఒకటుంది. గౌను, మెడపట్టీ కోర్టులో తప్ప బహిరంగ స్థలాల్లో వేసుకోకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమం. న్యాయవాది గౌరవం సంతలో పలచబడకూడదని ఆ కట్టడి పెట్టారు. గౌను కోర్టు దాటి బయటికి రాకూడదంటే, కండువా బయటి నుంచి కోర్టు లోపలికి ఎందుకు రావాలి? మీరు ఏ పార్టీవారైనా గేటు దాటాక మీ చేతిలో ఉండాల్సింది క్లయింటు సంతకం చేసిన వకాలత్ ఒక్కటే. మా చెల్లె వకీలుది ఏ పార్టీయో ఇప్పటికీ నాకు తెలియదు. ఆయనను నమ్మడానికి అదీ ఒక కారణం.

తీర్పులను విమర్శించే హక్కును వదులుకోమని నేను అడగడం లేదు. 1971 కోర్టు ధిక్కార చట్టం అయిదో సెక్షనే న్యాయమైన విమర్శ ధిక్కారం కాదని చెబుతోంది. తీర్పు చదవండి, ఏ పేజీలో ఏ కారణం తప్పో చెప్పండి, పై కోర్టుకు వెళ్ళండి, అవసరమైతే చట్టసభలో చట్టం మార్చండి. మేం మిమ్మల్ని ఎన్నుకున్నది ఆ పనికే కదా.

నేను అడుగుతున్నవి ఇవి. మీ పార్టీల్లో ఒక సర్క్యులర్ పంపితే సరిపోయే పనులే. నాయకుడికి పేషీ ఉన్న రోజు వకీలుతోనూ, కేసుకు అవసరమైన మనుషులతోనూ మాత్రమే రండి. కార్యకర్తలను పిలిపించకండి, వాళ్ళంతట వాళ్ళు వచ్చినా వంద మీటర్ల అవతలే ఆపండి. కండువాలు, జెండాలు, ఫ్లెక్సీలు ఆ గీత దాటనివ్వకండి. విలేకరులతో మాట్లాడాల్సి వస్తే పార్టీ ఆఫీసుకు వెళ్ళి, ఉత్తర్వు చదివాక మాట్లాడండి. బెయిలు వస్తే ఊరేగింపు తీయకండి. బెయిలు వచ్చినంత మాత్రాన నిర్దోషి అయినట్టు కాదు, రానంత మాత్రాన దోషి అయినట్టూ కాదు. జడ్జి పేరు, కులం, ప్రాంతం, ఆయన్ను ఎవరు నియమించారన్న సంగతి మీ ప్రసంగాల్లోకి రానివ్వకండి. మర్నాటి పేపర్లో పేరు పడడానికని కేసులు వేయకండి. అలాంటి కేసు ఒక్కటి విచారణకు వచ్చిందంటే, ఆ వెనక భూతగాదా దావానో మనోవర్తి కేసో ఒకటి వాయిదా పడుతుంది.

ఇందుకు చట్టం చేయమని ఢిల్లీకి ఉత్తరం రాసి, జవాబు కోసం ఎదురు చూసేంత ఓపిక మాకు లేదు. పోలింగ్ కేంద్రం దగ్గర గీత మీకు అలవాటే. అదే గీత కోర్టు దగ్గర కూడా ఉందనుకోండి. సున్నం మీరే పోయండి. ఒక పార్టీ మొదలుపెడితే రెండో పార్టీకి మొహమాటమైనా కలుగుతుంది. ఆ మొదటి పార్టీ ఏదైతే దాని పేరు మా హోటల్ దగ్గర నేనే గట్టిగా చెబుతాను.

కోర్టంటే మా బోటివాళ్ళకు ఏమిటో మీకు చివరగా చెప్పాలి. మార్కెట్ యార్డులో ధర చెప్పేది వ్యాపారి. ఆఫీసులో ఫైలు కదలాలంటే ఎవరో ఒకరి సిఫారసు కావాలి. కోర్టులో మాత్రం మా చెల్లె పేరు మీ పేరున్న కాగితం మీదే, వరుస నంబరుతో అచ్చవుతుంది. మీది పదిహేను అయితే ఆమెది పదహారు. ఆ కాగితాన్ని గోడ మీద చూసిన రోజు ఆమె మొహంలో కనబడిన ధైర్యం నాకు ఇంకా గుర్తుంది. జిందాబాద్‌ల మధ్య కేసు కొట్టేసిన రోజు, బస్సులో ఇంటికి వస్తూ ఆమె ఒక్క మాట అంది. "అన్నా, అది కూడా వాళ్ళదేనా?"

కాదు, అది మనది కూడా అని నేను చెప్పాను. ఆ మాట నిజం చేయడం ఇప్పుడు మీ చేతుల్లో ఉంది. చెల్లె కేసు ఇంకా నడుస్తోంది. వచ్చే పేషీకి మళ్ళీ ఏడు గంటల బస్సుకే వెళ్తాం. ఆ రోజు మీలో ఎవరి కేసైనా ఉంటే ఉండనీ, వచ్చి మా పక్కనే బెంచీ మీద కూర్చోండి. అటెండర్ ఆమె పేరు పిలిచినప్పుడు మాత్రం అది ఆమెకు వినబడనివ్వండి.

ఇట్లు,
ఒక పసుపు రైతు,
జక్రాన్‌పల్లి, నిజామాబాద్ జిల్లా